నూట పన్నెండో పేజీ అడుగున

రెంజల్,
2 జులై 2024

అక్కా,

ఫోన్లో మాట్లాడదామంటే మూడో మాటకు నీకు కోపం వస్తుంది, నాలుగో మాటకు నాకు వస్తుంది. పోయిన నెల పెళ్లిలోనూ పక్కపక్కనే కూర్చుని ఇద్దరం అవతలివాళ్ళతో మాట్లాడి వచ్చాం. అందుకని కాగితం మీద రాస్తున్నాను. ఫోన్లా దీన్ని మధ్యలో పెట్టేయడానికి ఉండదు.

ఇక్కడ నాట్లు మొదలయ్యాయి. నా ఐదో తరగతిలో ఇరవై రెండు మంది ఉండాలి, పన్నెండు మందే వస్తున్నారు. మిగిలినవాళ్ళు చెల్లెళ్ళనీ తమ్ముళ్ళనీ ఎత్తుకుని పొలం గట్ల మీద ఉంటారు. వాళ్ళని ఎలాగైనా బడికి రప్పించాలని మధ్యాహ్నం అన్నాలయ్యాక ఒక పుస్తకం చదివి వినిపిస్తున్నాను. ఏ పుస్తకమో చెప్పుకో చూద్దాం. "ఏడు తలుపుల బడి"! నా ట్రంకు పెట్టెలో, పాత హాస్టల్ దుప్పటి మడతల్లో దొరికింది. అట్ట లేదు. వీపు మీద నువ్వు బీడీల దారంతో కుట్టిన కుట్లు మాత్రం చెక్కుచెదరలేదు.

నిజం చెప్పనా, ఇంత ఇష్టమైన పుస్తకాన్ని నా కళ్ళతో నేను చదవడం ఇదే మొదలు. చిన్నప్పుడు చెవులతో చదివాను. వాకిట్లో అమ్మా సాయవ్వా ఇంకో పది మంది ఆడవాళ్ళూ చాటలు ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుడుతుంటే, నువ్వు నడుమ కూర్చుని గట్టిగా చదివేదానివి. హాస్టల్లో నాలుగైదుసార్లు తెరవబోయాను. నీ గొంతు వినబడినట్టయి ఏడుపొచ్చేది, మూసేసేదాన్ని. ఇప్పుడు చదువుతుంటే అన్నీ ఒక్కొక్కటే గుర్తొస్తున్నాయి. మొదటి తలుపు వెనక గాలితో మాట్లాడటం నేర్పుతారు, మూడో తలుపు వెనక నీడను మడిచి జేబులో పెట్టుకోవడం నేర్పుతారు. ఆ భాగం చదివిన రోజు మా పిల్లలంతా ఎండలోకి పోయి నీడలు మడవబోయారు. ఒకడు తన నీడ మీద ఇటుక పెట్టి వచ్చాడు, ఇంటికి పోయేదాకా ఎక్కడికీ పోకూడదని.

ఒకటే తిప్పలు. ఆకుల పిల్ల కనబడటం లేదు. అదే, ఆ బడిలో చోటు దొరక్క ఏడో తలుపు గుమ్మం బయట కూర్చుని, ఆకులు కత్తిరిస్తూ, తలుపు సందులోంచి వినబడే మంత్రాలన్నీ నేర్చేసుకున్న పిల్ల. లోపలి పిల్లల మంత్రాలు తప్పినా ఆమె ఆకులు ఆమె మాట వినేవి. నాకు ఆ పుస్తకమంటే ఆ పిల్లే. ఆ పిల్ల నేనే అనుకునేదాన్ని. ఉత్సాహం పట్టలేక ఆమె కథ వస్తుందని తరగతిలో ముందే చెప్పేశాను. తీరా చూస్తే నూట పన్నెండో పేజీతో పుస్తకం ఆగిపోయింది. ఆ పేజీ అడుగున, చిరిగినచోట అతుకు వేసినట్టు, బీడీ కట్టల మీద వేసే లేబుల్ ఒకటి అంటించి ఉంది. ఆ తర్వాత పేజీలు లేవు.

రుచిత అని ఒక పిల్ల ఉంది. తమ్ముణ్ణి ఎత్తుకోవాలని నెలలో సగం రోజులు బడికి రాదు. ఆకుల పిల్ల సంగతి విన్నప్పటి నుంచి ఒక్క రోజూ మానలేదు. "టీచర్, గా పిల్లను లోపటికి రానిస్తరా?" అని రోజూ అడుగుతోంది. ఆ పేజీలు నీ దగ్గర ఏమైనా ఉండిపోయాయా? ఉంటే పంపు.

నీ చెల్లెలు
శిరీష

నిజామాబాద్,
10 జులై 2024

శిరీష టీచరమ్మకు శైలజ రాయునది.

ఉత్తరం అందింది. పోస్ట్‌మన్ గుమ్మంలో నిలబడి "కోర్టు కాయిదమా అక్కా?" అని అడిగాడు. మా గల్లీకి చేత్తో రాసిన ఉత్తరం వచ్చి ఎన్నేళ్ళయిందో. నలుగురు వచ్చి చూసి పోయారు.

ముసురు పట్టి వారమైంది. చుట్టిన బీడీలు ఆరడం లేదు. నా మెడ నొప్పి ఉండనే ఉంది. సాయవ్వకు చూపు బాగా తగ్గింది, అయినా మధ్యాహ్నం కాగానే వచ్చి మా వాకిట్లో కూర్చుంటుంది. ఒళ్ళో చాట లేకపోయినా ఆమె వేళ్ళు చుడుతూనే ఉంటాయి.

ముందుగా ఒక మాట. ఆ పుస్తకం నాది. ఏడో తరగతిలో బడి మొత్తానికీ బాగా చదివినందుకు నాకిచ్చిన బహుమతి. మొదటి పేజీలో నా పేరుంటుంది, చూసుకో. బహుమతి వచ్చిన ఏడే మన బాపు చనిపోయాడు, నేను బడి మానేసి చాట ముందు కూర్చున్నాను. నువ్వు బోధన్ హాస్టల్‌కి పోయేటప్పుడు నన్ను అడగకుండా దాన్ని పెట్టెలో వేసుకుని పోయావు. ముప్పై ఏళ్ళుగా ఎక్కడ పోయిందో అనుకుంటున్నాను. ఇప్పుడేమో "దొరికింది" అని రాస్తున్నావు. దాచుకున్నది దొరక్క ఎక్కడికి పోతుంది?

పిల్లలు నోళ్ళు తెరుచుకుని వింటున్నారన్నమాట. సంతోషం. నీకు కుర్చీ ఉంది, ఫ్యాను ఉంది, కిక్కురుమనకుండా వినే పిల్లలున్నారు. నేను చదివిన రోజులు నీకు గుర్తుండవు. పుస్తకం పట్టుకున్న చేతులు బీడీ చుట్టలేవు కదా. అందుకని నా వాటా మిగతావాళ్ళు చుట్టేవాళ్ళు. తలా ఒక కట్ట నా చాటలో పడితేనే నా గొంతు లేచేది. బాగా చదవకపోతే రేపు కట్ట పడదు. నీకు ఆ భయం లేదు, పిల్లలు విన్నా వినకపోయినా నువ్వు టీచరమ్మవే.

ఆకుల పిల్ల పేజీల సంగతి నాకు తెలియదు. పాత పుస్తకం, ఎలుకలు కొట్టి ఉంటాయి. ఆ బడి లోపల చదివే సోముడి కథ ఉంది కదా, అది చాలదా వాళ్ళకి?

శైలజ
(పుస్తకం మీద పేరున్న మనిషి)

రెంజల్,
19 జులై 2024

అక్కా,

మొదటి పేజీ చూశాను. సిరా వెలిసిపోయినా నీ పేరు కనబడుతోంది. అడగకుండా తీసుకుపోవడం తప్పే. పదకొండేళ్ళప్పుడు చేసిన తప్పు, ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. పుస్తకం నీకు తిరిగిచ్చేస్తాను కూడా.

కానీ ఎలుకల మాట మాత్రం నేను నమ్మను. మొన్న ఆదివారం నీకు ఫోన్ చేస్తే నీ మనుమరాలు సంజన ఎత్తింది. నువ్వు ఆకులు తేవడానికి కార్ఖానాకు పోయావట. ఊరికే మాట కలుపుదామని "అమ్మమ్మ నీకు కథలు చెప్తదా?" అని అడిగాను.

"ఆకుల పిల్ల కథ చెప్తది. నిన్న ఆకులన్ని కుట్టి పడవ జేసింది. గోదారి దాటింది. అవుతల మొసలి లేసి సలాం గొట్టింది" అంది.

అక్కా, ఆ గోదారిని నేనెప్పుడూ వినలేదు. మొసలి ఉందనే నాకు తెలియదు. అంటే నువ్వు నాకు చదవని పేజీలు కూడా ఉన్నాయి. అవి నీ దగ్గర భద్రంగా ఉన్నాయి. రోజుకింత ఆ ఏడేళ్ళ పిల్లకు చదివి వినిపిస్తున్నావు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, ఉన్నాయా అని అడిగిన పాపానికి నువ్వు ఎలుకల మీదికి తోశావు. కుట్లు విప్పి, కావలసినవి తీసుకుని, మళ్ళీ కుట్టేయడం నీ చేతికి ఎంతసేపు?

సంజన మీద నాకు కుళ్లు పుట్టిందంటే నవ్వుతావు. నలభై రెండేళ్ళ దాన్ని, రెండో తరగతి పిల్ల మీద! పుట్టింది మరి, ఏం చేయను? ఆ రోజు కూరగాయలకు పోయి, అవి అమ్మే మరాఠీ ఆవిడతో వంకాయల దగ్గర ఊరికే గొడవ పడి వచ్చాను. పాపం ఆమెకు నా కోపం అర్థం కాలేదు, రెండు వంకాయలు ఎక్కువ వేసి పంపింది. నా కథను నాకు ఇవ్వకుండా దానికి ఇస్తున్నావు. ఇదే నా బాధ.

రుచిత రోజూ అడుగుతోంది. నేను రోజూ "రేపు" అంటున్నాను. ఇంకెన్ని రేపులు చెప్పను?

శిరీష

నిజామాబాద్,
27 జులై 2024

శిరీషకు,

దొంగనన్నావు కాబట్టి దొంగలాగే ఒప్పుకుంటాను. అవును, నేనే చింపాను. నువ్వు హాస్టల్‌కి పోయే ముందు, పుస్తకం మీద నీ కన్ను పడిందని తెలిసి, ఆకుల పిల్ల ఉన్న పేజీలన్నీ తీసి పొయ్యిలో పెట్టాను. ఓర్వలేక పెట్టాను. ఇప్పుడు నీ మనసు చల్లబడిందా?

ఎందుకు ఓర్వాలి చెప్పు. ఇంట్లో ఇద్దరం ఆడపిల్లలం. ఒకరి చేతికి కత్తెర వచ్చింది, ఇంకొకరి చేతికి పలక వచ్చింది. నీ బట్టలకు తంబాకు వాసన అంటుతుందని అమ్మ నిన్ను చాట ముట్టుకోనిచ్చేది కాదు. నా జుట్టు నిండా అదే వాసన. నువ్వు సెలవులకు హాస్టల్ నుంచి వస్తే నేను నీ పక్కన పడుకునేదాన్ని కాదు, గుర్తుందా? నా మీద కోపమా అని అడిగావు కూడా. కోపం కాదు. నువ్వు ముక్కు మూసుకుంటావేమోనని భయం.

అవన్నీ ఓర్చుకున్నాను. నీకు ఉద్యోగం వచ్చినప్పుడు గల్లీ అంతా పేడాలు పంచింది నేనే. ఒక్క మాట మాత్రం ఓర్చుకోలేకపోతున్నాను. "ఆ పిల్ల నేనే అనుకునేదాన్ని" అని రాశావు. నువ్వెట్లా అవుతావే? నువ్వు తలుపు లోపల కూర్చున్నదానివి. నా పుస్తకం తీసుకున్నావు. నాకు లేని బడి తీసుకున్నావు. గుమ్మం బయట కూర్చున్న పిల్లను కూడా నువ్వే తీసుకుంటే ఇక నాకేం మిగిలింది?

ఉత్తరాలు రాయకు. మెడ వంచి జవాబు రాయడం నాకు కష్టంగా ఉంది.

శైలజ

సంజన చేతికి ఫోన్ ఇవ్వొద్దని దాని తల్లికి చెప్పాను.

రెంజల్,
8 ఆగస్టు 2024

అక్కా,

రాయొద్దన్నావు, రాస్తున్నాను. చిన్నప్పటి నుంచి నువ్వు వద్దన్న పని నేను మానిందెప్పుడు?

పేజీలు కాలిపోయాయని తరగతిలో చెప్పేశాను. ఎవరు కాల్చారని అడిగారు. తెలియదన్నాను. మర్నాటి నుంచి రుచిత రాలేదు. నాలుగు రోజులు చూసి వాళ్ళింటికి పోయాను. వాళ్ళ నాయనమ్మ భీమవ్వ సోయా చేనులో కలుపు తీసి అప్పుడే వచ్చి కాళ్ళు కడుక్కుంటోంది.

"కథ అయిపోయిందంట గద టీచరమ్మా. ఇగ ఏం బడి? ఇంట్ల పోరన్ని ఎవలు సూసుకోవాలె?" అంది.

రుచిత తమ్ముణ్ణి చంకనేసుకుని గుమ్మం బయట నిలబడి ఉంది. నా మొహం చూడలేదు. "గా పిల్ల ఆడనే కూసున్నది గదా టీచర్" అని మాత్రం అంది.

నీ ఉత్తరం చాలాసార్లు చదివాను. నువ్వు నా పక్కన పడుకోకపోవడం నాకూ గుర్తుంది. నేనేమనుకున్నానో తెలుసా? హాస్టల్ పిల్లనైపోయాను, ఇక ఈ ఇంటిదాన్ని కాననుకున్నాను. బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ నుంచి వచ్చే చెరకు మడ్డి వాసన మధ్య పడుకుని మన ఇంటి తంబాకు వాసన కోసం ఏడ్చిన పిల్లను నేను. నేను ముక్కు మూసుకుంటానా?

అమ్మ నన్ను చాట ముట్టుకోనివ్వకపోవడం నీకు గారాబంగా కనబడింది. నాకు అది వెలి. మీరంతా గుండ్రంగా, మోకాలికి మోకాలు తగిలేలా కూర్చునేవాళ్ళు. నేను గడప మీద పలక పట్టుకుని ఉండేదాన్ని. మీరు నవ్వుకునే మాటలు నాకు సగమే వినబడేవి. అందరూ నీ చాటలో కట్టలు వేస్తుంటే కళ్ళల్లో నిప్పులు పోసుకునేదాన్ని. మా అక్కకు ఇంతమంది ఇస్తున్నారు, నాకు ఒక్కరూ ఒక్క ఆకు కూడా ఇవ్వరు అని. ఈనాటికీ నాకు బీడీ చుట్టడం రాదు. నాకు మీ వాకిలే ఆ ఏడు తలుపుల బడి. మరి ఆకుల పిల్లను నేననుకోక ఎవరనుకుంటాను?

పొరుగింటి పుల్లకూర రుచి అంటారు. మనది ఒకే ఇల్లు అక్కా. ఒకే పొయ్యి మీద వండింది తిని ఒకరి పళ్ళెంలోకి ఒకరం చూసుకున్నాం.

నువ్వు కాల్చావో లేదో నాకు తెలియదు. కాల్చినా సరే. సంజనకు చెప్తున్నావంటే అదంతా నీ నోట్లో ఉన్నట్టే కదా. ఉన్నంత రాసి పంపు. నా మొహం చూసి వద్దు. తమ్ముణ్ణి చంకనేసుకుని నిలబడ్డ ఆ పిల్ల కోసం పంపు.

శిరీష

నిజామాబాద్,
19 ఆగస్టు 2024

చెల్లె శిరీషకు,

ఇది చదవడం ఆపి ముందు పుస్తకం తెచ్చుకో. నూట పన్నెండో పేజీ తీయి. అడుగున ఉన్న లేబుల్ మీద తడిగుడ్డ కాసేపు పెట్టి మెల్లగా లాగు. అక్కడ చిరుగు లేదు. "సమాప్తం" అని ఉంటుంది.

నేను ఏ పేజీ చింపలేదు, ఏదీ కాల్చలేదు. ఆ పుస్తకంలో ఆకుల పిల్ల ఎప్పుడూ లేదు. అది నా నోట పుట్టింది.

నూట పన్నెండు పేజీలు ఎన్నాళ్ళు వస్తాయి? బతుకమ్మ పండుగకు ముందే అయిపోయాయి. అయిపోయిందని చెబితే మర్నాటి నుంచి నేనూ తల వంచి చుట్టాలి. బడి మానేసిన నాకు రోజులో ఆ రెండు గంటలే బడి. అందుకని సమాప్తం మీద లేబుల్ అంటించి, మళ్ళీ మొదటి పేజీ తెరిచి, పేజీలు తిప్పుతూ నోటికొచ్చింది చెప్పుకుంటూ పోయాను. ఎవరి గురించి చెప్పాలో తెలియక నా గురించే చెప్పాను. అది పండుగ దాటింది, చలికాలం దాటింది. లేబుల్ అంటించింది నీ భయానికే. వాళ్ళెవరికీ చదవడం రాదు. నువ్వొక్కదానివే అక్షరాలు కూడబలుక్కుంటూ గడప మీది నుంచి లేచి వచ్చి నా భుజం మీదుగా తొంగి చూసేదానివి.

ఇంతకాలం ఎందుకు చెప్పలేదంటే సిగ్గు. పుస్తకం చదువుతున్నానని నమ్మి వాళ్ళంతా నా వాటా చుట్టారు. నేను వాళ్ళ కట్టలు తీసుకుని, లేనిది ఉన్నట్టు చదివాను. నువ్వు దొంగ అన్నావు చూడు, ఆ మాట సరిగ్గా ఆ చోట తగిలింది. దానికంటే పేజీలు చింపిన దొంగ అనిపించుకోవడమే నయమనుకున్నాను.

నీ ఉత్తరం వచ్చాక ఉండబట్టలేక సాయవ్వతో చెప్పేశాను. తిడుతుందనుకున్నాను. ఆమె పళ్ళు లేని నోటితో నవ్వింది.

"ఓసి పిచ్చిపిల్లా, మాకెర్క లేదనుకున్నవా? ఒకనాడు పుస్తకం తలకిందులు వట్టుకొని గంటసేపు సదివినవు. అట్ట మీది బొమ్మకు కాళ్ళు పైకున్నయి! నేను నవ్వబోతే మీ అమ్మ నా తొడ మీద గిల్లింది. సప్పుడు జెయ్యకు సాయవ్వా, పిల్ల సదువుకుంటున్నది అన్నది."

అమ్మ ఆ మాట అన్నదని ముప్పై ఆరేళ్ళ తర్వాత నాకు తెలిసింది. చాట ముందు కూర్చుని ఏడ్చాను. తంబాకు తడిసింది. సంజన భయపడి నీళ్ళు తెచ్చింది.

గోదారి భాగం రాసి ఇందులో పెడుతున్నాను. సంజన నోట్‌బుక్ కాగితాలు, వెనక దాని ఎక్కాలు ఉంటాయి, ఏమనుకోకు. ఆ పిల్ల చివరికి లోపలికి పోయిందా అంటే నాకు తెలియదు. నేనింతవరకు దాన్ని పంపలేదు. నేను పోని చోటికి దాన్ని పంపడానికి మనసొప్పలేదు.

ఒకటి మాత్రం ఒప్పుకో. ఆ పిల్ల నేనే. నువ్వు గడప మీద కూర్చున్న మాట కూడా నిజమే. కావాలంటే ఆమెకు ఒక చెల్లెల్ని పెడతాను.

మీ అక్క
శైలజ

రెంజల్,
27 ఆగస్టు 2024

అక్కా,

లేబుల్ తీశాను. ఉంది. చీమ తలంత అక్షరాలు. దాన్ని చూడకుండా నన్ను ఇన్నేళ్ళు ఆపావు.

గోదారి భాగం వచ్చిందని రుచితకు కబురు పంపితే తమ్ముణ్ణి చంకనేసుకునే వచ్చింది. బయట నిలబడబోతే చెయ్యి పట్టుకుని లోపల కూర్చోబెట్టాను. వాడు ఆమె ఒళ్ళో నిద్రపోయాడు. ఇక మీదట వాణ్ణి తీసుకునే రమ్మన్నాను, తరగతిలో ఒక చాప వేశాను. భీమవ్వ ఒప్పుకుంది.

చదవడం అయ్యాక "గిది ఎవలు రాసిండ్రు టీచర్?" అని రుచిత అడిగింది. మా అక్క అన్నాను.

"పుస్తకం కన్న గిదే మంచిగున్నది. మీ అక్కను దోల్కరాండ్రి. ఆమెనే సదువుతది" అంది. తరగతి మొత్తం తలలూపింది.

నాకు కడుపు మండింది, దాచుకోను. రెండు నెలలు గొంతు పోయేలా చదివింది నేను, మంచి పేరు నీకు. అప్పుడూ అంతే, ఇప్పుడూ అంతే. ఈ కుళ్లు పోయేది కాదు, దీనితోనే బతుకుదాం.

ఆ పిల్ల నువ్వే. ఒప్పుకున్నాను. చెల్లెల్ని పెట్టు. దానికి మంత్రాలు రాకపోయినా పరవాలేదు, గడప మీద మాత్రం కూర్చోబెట్టకు.

ఈ ఆదివారం వస్తున్నాను. సాయవ్వను కూడా వాకిట్లో కూర్చోబెట్టు. నువ్వు నడుమ కూర్చుని చదువు. నీ చాట నా ఒళ్ళో పెట్టు, నీ వాటా నేను చుడతాను. నేను చుట్టినవి కార్ఖానాలో ఏరి పారేస్తారు. పారేయనీ. నీ పక్కనే పడుకుని సోమవారం పొద్దున్నే మొదటి బస్సుకు పోతాను.

పుస్తకం తెస్తున్నాను. నీ పేరున్నది నీ దగ్గరే ఉండాలి. లేబుల్ తీసేటప్పుడు చిరగలేదు. పొద్దున అన్నం మెతుకులు మెదిపి దాన్ని మళ్ళీ అక్కడే అంటించాను.

నీ చెల్లెలు
శిరీష